మంచునేల లోతు: రెండో అంకె ఏది?

సంపాదకులకు,

ఆర్కిటిక్‌లో ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరుగుతోందని రాస్తుంటారు గానీ, కొలిచే తీరు రాయరు. 1991లో మొదలైన ‘కామ్’ (CALM) అనే అంతర్జాతీయ పరిశీలనలో, వేసవిలో పైనేల ఎంత లోతు దాకా కరిగిందో తెలుసుకోవడానికి, చాలాచోట్ల వంద మీటర్ల చదరంలో, పది మీటర్లకొకటి చొప్పున 121 బిందువుల్లో, వేసవి చివర ఉక్కు చువ్వను గడ్డకట్టిన పొర తగిలేదాకా గుచ్చుతారు. రాయి తగిలితే లెక్క తప్పినట్టే. రాళ్ల నేలలో బోరు వేసి ఉష్ణోగ్రత సెన్సర్లు దించాలి. తొందరపడి జులైలోనే కొలిస్తే ఆ ఏటి గరిష్ఠ లోతు దొరకదు.

అసలు చిక్కు వేరే. లోపలి మంచు కరిగితే పైనేల కుంగుతుంది. కుంగిన నేల మీంచి కొలిస్తే లోతు పెద్దగా మారనట్టే కనిపిస్తుంది! అందుకే లోతుగా పాతిన, కదలని గుర్తుతో పోల్చి నేలమట్టాన్నీ ఏటా నమోదు చేయాలి. ఆ అంకె లేని పట్టిక చూసి ‘కరగడం ఆగింది’ అని శీర్షిక పెట్టకండి.

– భూగర్భశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం