రేడియేషన్ వివరాలు రోగి చేతికి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మూత్రాశయ క్యాన్సర్ కండరంలోకి పాకినా, తగిన రోగులకు మూత్రాశయం తీసేయకుండా చికిత్స చేసే వీలుంది. మూత్రనాళం గుండా పరికరం పంపి కణితిని గీకి తీసి, ఆపై కీమోతో కలిపి రేడియేషన్ ఇస్తారు. ఎక్కువగా పాటించే మోతాదులు రెండు: 32 సిట్టింగుల్లో 64 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), లేదా 20 సిట్టింగుల్లో 55 గ్రే. రెండో పద్ధతిలో మొత్తం తగ్గినా ఒక్కో సిట్టింగు మోతాదు 2 గ్రే నుంచి 2.75 గ్రేకు పెరుగుతుంది కనుక, తక్కువ ఇచ్చారేమోనని బంధువులు దిగులుపడనక్కర్లేదు. బ్రిటన్‌లో రోగులపై జరిపిన రెండు చికిత్సా పరిశోధనల ఫలితాలను కలిపి 2021లో ప్రచురించిన విశ్లేషణ కూడా వ్యాధి అదుపులోనూ, దుష్ప్రభావాల్లోనూ ఇది మొదటిదానికి తీసిపోదని తేల్చింది. జిల్లాల నుంచి వచ్చి హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న రెడ్‌హిల్స్ పరిసరాల్లో గది అద్దెకు తీసుకుని ఉండే కుటుంబాలకు ఆరున్నర వారాలకు బదులు నాలుగు వారాలు అంటే ఎంత ఊరటో వేరే చెప్పాలా?

దుష్ప్రభావాల సంగతి మాత్రం రోగులకు సరిగా చెప్పడం లేదు. చికిత్స సాగుతుండగా మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, విరేచనాలు, నీరసం వస్తాయి. ఈ చికిత్స తీసుకున్న మా అన్నయ్య బస్సులో ఇబ్బంది అవుతుందని ఉదయం నుంచి మంచినీళ్లే ముట్టేవారు కాదు. చిక్కబడిన మూత్రంతో మంట ఇంకా పెరిగేది. ఇవి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేవి వేరు. రేడియేషన్ తగిలిన చోట రక్తనాళాలు పెళుసుబారి మూత్రంలోనో మలంలోనో రక్తం పడవచ్చు. మూత్రాశయం బిగుసుకుపోయి కొద్దిపాటి మూత్రాన్ని కూడా ఆపుకోలేకపోవచ్చు. అయితే రక్తం కనబడితే అది రేడియేషన్ వల్లేనని సరిపెట్టుకోకూడదు, వ్యాధి తిరగబెట్టిందేమో లోపల చూసి తేల్చుకోవాలి.

అన్నయ్యకు అలా రక్తం పడినప్పుడు ఊళ్లోని డాక్టరు మొదట అడిగింది ఎన్ని గ్రేలు, ఏ భాగానికి ఇచ్చారని. మా దగ్గరున్న డిశ్చార్జి కాగితంలో "రేడియేషన్ పూర్తయింది" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ లేదు. మళ్లీ రేడియేషన్ ఇవ్వవచ్చా, ఆపరేషన్‌లో ఎంత జాగ్రత్త పడాలి అన్నవి ఆ అంకెలు చూసే నిర్ణయిస్తారు.

అందుకే మొత్తం మోతాదు, సిట్టింగులు, తేదీలు, చికిత్స చేసిన భాగం, ఇచ్చిన కీమో మందు, తర్వాత కనిపెట్టుకోవాల్సిన లక్షణాలు, ఫోన్ చేయాల్సిన నంబరు తెలుగులో రాసి ఉన్న ఒక పేజీని ప్రతి రోగికీ ఇవ్వాలి. ఆరోగ్యశ్రీ కింద బిల్లు మంజూరు చేసేముందు ఆ పేజీ నకలు జతచేయాలన్న నిబంధనను రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ పెట్టాలని కోరుతున్నాను.

– ఒక రోగి సోదరి, మలక్‌పేట, హైదరాబాద్