ఒకే అంకె, రెండు ధరలు: మా ఖాతాదారులకు వివరణ

ఖాతాదారులకు నమస్కారం.

ఈ నెల నుంచి మా దుకాణంలో స్లాబ్ నాణేలకు, అంటే గ్రేడింగు సంస్థ పరిశీలించి, స్థితిని బట్టి మార్కు (గ్రేడు) వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసిన నాణేలకు, ధర వేసే పద్ధతి మార్చాం. లేబుల్ మీద ఏ అంకె ఉంటే దానికి బజారులో నడుస్తున్న ధర వేసేయడం మానేశాం. ప్రతి నాణేన్నీ విడిగా చూసి, దాని స్థితి గురించి మా అభిప్రాయం రాసి, దాని ప్రకారమే ధర పెడుతున్నాం. దాంతో ఒకే సంవత్సరం, ఒకే గ్రేడు ఉన్న రెండు నాణేలు మా అల్మరాలో వేర్వేరు ధరలతో కనిపిస్తున్నాయి. “రెండూ ఎంఎస్ 64 పులి రూపాయలే కదా, ఒకదానికి అంత ఎక్కువ ఎందుకండీ?” అని చాలామంది అడిగారు. (‘ఎంఎస్’ అంటే మింట్ స్టేట్, వాడకంలోకి రాని నాణెం; 64 అన్నది 70కి వచ్చిన మార్కు.) కొందరు కోపంగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే, కాబట్టి వివరంగా చెబుతున్నాను.

పులి రూపాయి అంటే 1947 నాటి నికెల్ రూపాయి. బొమ్మ వైపు ఆరో జార్జి, బొరుసు వైపు పులి. బ్రిటిష్ పాలనలో వచ్చిన చివరి రూపాయి అది, అయస్కాంతానికి అంటుకుంటుంది. చేతులు మారి అరిగిన పులి రూపాయి అరుదైనదేమీ కాదు, చాలా ఇళ్లలో పాత డబ్బాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. అందుకే దాని విలువంతా స్థితిలోనే ఉంది. టంకశాల మెరుపు చెక్కుచెదరకుండా మిగిలిన నాణేనికే సేకర్తలు డబ్బు పెడతారు. ఆ స్థాయిలో 63కూ 64కూ, 64కూ 65కూ మధ్య ధర ఒక్కసారిగా ఎగురుతుంది.

ఆ తేడా ఎక్కడుంటుందో చూడండి. రాజు చెంప మీద ఒక సన్నని గీత. సంచిలో పక్క నాణెం తగిలిన చిన్న నొక్కు. పులి ఒంటి మీద చారలు ఎంత లోతుగా పడ్డాయన్నది. నికెల్ గట్టి లోహం, అచ్చు పూర్తిగా దిగని నాణేలు వస్తూనే ఉంటాయి. అలా చదునుగా ఉండిపోయిన చోటును ఒక గ్రేడరు టంకశాలలోనే అలా వచ్చిందని వదిలేస్తారు. మరొకరు అరుగుదల అనుకుని అంకె తగ్గిస్తారు. ఇద్దరూ వేల నాణేలు చూసినవారే. మా దగ్గరున్న రెండింటిలో ఒకదానికి చెంప మీద గీత ఉంది, పులి మాత్రం కళ్లు తిప్పుకోలేనంత స్పష్టంగా ఉంది. రెండోదానికి గీతలు లేవు, మెరుపు మందగించింది. రెండింటికీ 64 వచ్చింది. నాకు మొదటిదే నచ్చింది, దానికే ఎక్కువ ధర వేశాను. మీకు రెండోది నచ్చితే తక్కువలో దొరుకుతుంది, నిస్సంకోచంగా తీసుకోండి.

అసలు ఈ 70 మార్కుల పద్ధతి మొదలైందే ధరల లెక్కగా. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ సేకర్త తమ దేశపు తొలినాటి రాగి సెంట్ల కోసం దీన్ని తయారుచేశారు. 1 మార్కు నాణెం ధర ఎంతో, 70 మార్కుల నాణెం దానికి 70 రెట్లు పలకాలన్నది ఆయన ఊహ. వాడకంలోకి రాని నాణేలకు ఆయన పెట్టిన మెట్లు మూడే: 60, 65, 70. మధ్య ఖాళీలను తర్వాతి కాలంలో వ్యాపారం నింపింది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ గ్రేడింగు సంస్థలు వచ్చి నాణేన్ని ప్లాస్టిక్ స్లాబ్‌లో మూసి అంకె వేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు 60 నుంచి 70 వరకు 11 మెట్లు. 2010 నుంచి కొన్ని అంకెల పక్కన ప్లస్ గుర్తు కూడా చేరింది. మెట్లు పెరిగాయి గానీ, చూసేవి మనుషుల కళ్లే.

ఈ సంగతి అమెరికాలో ఎప్పుడో తేలింది. 1990లో వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, పీసీజీఎస్ తన గ్రేడింగు ఎప్పుడూ ఒకేలా, నిష్పాక్షికంగా ఉంటుందని చేసుకున్న ప్రచారం అతిశయోక్తి అని అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థ రాజీకి వచ్చింది. అదే సంవత్సరం కంప్యూటర్‌తో గ్రేడు వేసే ప్రయత్నమూ జరిగింది, కానీ నిలవలేదు. 2003లో కాయిన్ వరల్డ్ పత్రిక ఒకే నాణేలను ఒకదాని తర్వాత ఒకటిగా పలు సంస్థలకు పంపి చూస్తే, ఏ ఒక్క నాణెం విషయంలోనూ అన్ని సంస్థలూ ఒకే అంకె ఇవ్వలేదు.

మా అనుభవం కూడా ఇదే. ఒక ఖాతాదారు 1944 రూపాయికి 63 వచ్చింది. ఆయన స్లాబ్ పగలగొట్టించి అదే సంస్థకు మళ్లీ పంపితే 64 వచ్చింది. ఆ ఒక్క అంకెతో ఆయన నాణెం ధర బాగా పెరిగింది. పాత లేబుల్ తిప్పి పంపకపోతే సంస్థ లెక్కల్లో ఆ నాణెం రెండుసార్లు నమోదై ఉంటుంది. “ఈ గ్రేడులో ఇన్ని నాణేలే ఉన్నాయి” అని చూపించి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే దీన్ని గుర్తుంచుకోండి.

అలాగని స్లాబ్ వల్ల ఉపయోగం లేదని నేను అనను. 1939 వెండి రూపాయి తీసుకోండి. అది చాలా అరుదు కాబట్టి 1938 నాణెం మీద చివరి అంకెను చెక్కి 1939గా మార్చినవి తిరుగుతుంటాయి. అక్కడ ముందు తేలవలసింది నాణెం అసలుదా కాదా అన్నది. ఆ పని మంచి సంస్థలు బాగా చేస్తాయి, దానికి ఇచ్చే రుసుము దండగ కాదు. స్లాబ్ లేని 1939 రూపాయిని మేము కొనం, అమ్మం.

చార్మినార్ బొమ్మ ఉన్న మన నిజాం కాలపు రూపాయల విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. బొమ్మలోని ద్వారంలో ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ‘ఐన్’ అక్షరం ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. వీటిని చేత్తో పట్టుకుని ఏళ్ల తరబడి చూసిన హైదరాబాద్ సేకర్తలకు, మినార్ల అంచులు అచ్చు దిగక మొద్దుబారాయా, అరిగి మొద్దుబారాయా అన్నది తెలుస్తుంది. లేబుల్ మీది అంకె ఏదైనా, ఈ నాణేలకు వారి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

చాలామంది అడిగే మరో మాట: “తాతగారి వెండి రూపాయలు అమెరికా పంపి గ్రేడు వేయిస్తారా?” నూరేళ్లు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తు చట్టం పురావస్తువుగానే చూస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మేము పంపం. ఎవరైనా పంపిస్తామంటే మీరూ ఒప్పుకోకండి.

ఇంట్లోని నాణేల గురించి ఇంకో సంగతి. వరలక్ష్మీ వ్రతానికో, దీపావళి పూజకో ముందు వెండి రూపాయలను చింతపండుతో, విబూదితో తోమడం మన అలవాటు. పూజకు అది శుభ్రం. సేకర్తకు మాత్రం ఆ నల్లదనం కిందే అసలు ఉపరితలం ఉంటుంది, తోమితే అది పోతుంది. అలాంటి నాణేలకు సంస్థలు అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాస్తాయి, ధర బాగా పడిపోతుంది. తోమారా లేదా అన్నదీ ఒకోసారి అభిప్రాయమే: తేలికగా తుడిచిన నాణెం ఒకరి చేతిలో గ్రేడు తెచ్చుకుంటుంది, మరొకరి చేతిలో ఆగిపోతుంది. కాసులపేరు కోసం కొక్కెం అతికించిన నాణేలకు మాత్రం ఏ సందేహమూ లేదు, వాటిని లోహం ధరకు దగ్గరగానే కొంటాం.

ఇక కొత్త పద్ధతి. ప్రతి స్లాబ్ నాణెంతో మా సంతకం ఉన్న చీటీ ఇస్తాం. లేబుల్ మీది అంకెతో మేము ఏకీభవిస్తున్నామా లేదా, ఎందుకు అన్నది అందులో ఉంటుంది. రెండు వైపులా పక్క వెలుతురులో తీసిన ఫొటోలు కూడా ఇస్తాం, ఎందుకంటే సన్నని గీతలు ఎదురు వెలుతురులో కనిపించవు. పెద్ద అంకె అమ్మేవాడికి లాభం, కొనేటప్పుడు చిన్న అంకె లాభం. మా వ్యాపారంలో అనుమానాలన్నీ అక్కడే పుడతాయి. కాబట్టి మా దగ్గర కొన్న నాణేన్ని మీరు తిరిగి మాకే అమ్మదలిస్తే, స్థితి గురించి చీటీలో రాసిన మాటకే కట్టుబడి కొంటాం. బజారు ధర పెరగవచ్చు, తగ్గవచ్చు. కొత్తగా దెబ్బ తగలనంత వరకు మా అభిప్రాయం మారదు. ఈ లెక్కన చూస్తే మా నిల్వలో కొన్ని నాణేలకు కొన్నదానికంటే తక్కువ ధర వేయవలసి వచ్చింది. వేశాం.

పాత ఖాతాదారులు ఇదివరకు కొన్న స్లాబ్ నాణేలకు కూడా ఈ చీటీ ఉచితంగా రాసిస్తాం. శనివారాల్లో తీసుకురండి. స్లాబ్ లేని నాణేలైతే ఉన్నవి ఉన్నట్టుగా, కడగకుండా, తుడవకుండా, అంచులు పట్టుకుని తెచ్చి చూపించండి.