ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలు మొదలయ్యాయంటే బెంగళూరులో కంప్యూటర్ రిపేరు షాపులకి ఒకే తరహా ఫిర్యాదు వరసపెట్టి వస్తుంది. అప్‌డేట్ అవుతుంటే కరెంటు పోయింది, మళ్లీ ఆన్ చేస్తే విండోస్ రావడం లేదు. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండి చదువుకునే మన తెలుగు పిల్లలు, కేఆర్ పురం వైపు చిన్న చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్లు ఈ ఇబ్బందిలో పడుతూనే ఉంటారు. చాలాచోట్ల వాళ్లకి దొరికే జవాబు ఒక్కటే: "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి." ఫార్మాట్ అంటే డిస్క్ చెరిపి విండోస్ కొత్తగా వేయడం, అది అన్నీ అయ్యాక ఆఖరున చేయాల్సిన పని. మొదటే చేస్తే పోయేది మీ ఫైళ్లు.

అప్‌డేట్ ఆగిపోతే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం తీరుతుంది. విండోస్ కొత్త ఫైళ్లను ముందు దించుకుని ఒక పక్కన పెట్టుకుంటుంది. వాడకంలో ఉన్న ఫైళ్లను అప్పటికప్పుడు మార్చలేదు కాబట్టి, రీస్టార్ట్ అయినప్పుడు ఏది తీసి ఏది పెట్టాలో ఒక జాబితా రాసుకుంటుంది. తెర మీద శాతాలు కదిలేది ఆ జాబితా నడుస్తున్నప్పుడే. మధ్యలో కరెంటు పోతే జాబితా సగంలో ఆగుతుంది, విండోస్ సొంత ఫైళ్లు కొన్ని పాతవి, కొన్ని కొత్తవిగా ఉండిపోతాయి. మీ ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టులు ఉన్న ఫోల్డర్ల జోలికి నెలవారీ అప్‌డేట్ రాదు. అవి ఉన్నచోటే ఉంటాయి.

మళ్లీ ఆన్ చేయగానే చాలాసార్లు విండోస్ తనంతట తనే వెనక్కి వెళ్లడానికి చూస్తుంది. "అన్‌డూయింగ్ ఛేంజెస్" అని తెర మీద కనిపించేది అదే. అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. అరగంటైనా కదలడం లేదని పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేస్తారు. అప్పుడు ముందుకు వెళ్లడమూ సగమే, వెనక్కి రావడమూ సగమే అవుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్‌లో ఈ పనికి రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. డిస్క్ లైటు మినుకు మినుకుమంటున్నంతసేపూ ముట్టుకోకండి. వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్, అంటే ఎస్‌ఎస్‌డీ ఉండి, గంట దాటినా శాతం మారక, లైటూ వెలగకపోతే అప్పుడు ఆపవచ్చు.

ఆపాక మొట్టమొదట పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డు, బయటి హార్డ్ డిస్క్, ప్రింటర్ అన్నీ తీసేయండి. తర్వాత తెరను జాగ్రత్తగా గమనించండి. కంపెనీ లోగో కూడా రాకపోతే, ఫ్యాన్ కూడా తిరగకపోతే అది విండోస్ గొడవ కాదు, కరెంటుకో బోర్డుకో సంబంధించినది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి ఉంచి, మళ్లీ ఛార్జర్ పెట్టి చూడండి. లోగో వచ్చి "నో బూటబుల్ డివైస్" అంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రాములోకి వెళ్లి, డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందో లేదో చూడాలి. పేరే లేకపోతే డిస్క్ వదులైనా అయి ఉండాలి, చెడిపోయైనా ఉండాలి. అప్పుడు విండోస్‌ని ఎంత సరిచేసినా లాభం లేదు.

డెస్క్‌టాప్‌లలో ఒక తికమక తరచూ ఎదురవుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, దాని నంబరు సీఆర్ 2032. ఐదారేళ్లకి అది నీరసించిపోతుంది. కరెంటు ఉన్నంతకాలం తెలియదు. కరెంటు పోగానే బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి, డిస్క్‌ను చదివే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోతుంది. అప్పుడు "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలిరంగు తెర వస్తుంది. అప్‌డేట్ సగంలో ఆగినా అదే తెర వస్తుంది. తేడా పట్టాలంటే బయోస్‌లో తేదీ చూడండి. ఏళ్ల కిందటి తేదీ ఉంటే ముందు సెల్ మార్చి, సెట్టింగు సరిచేయండి. విండోస్‌లో లోపమే లేని మెషీన్లకి కూడా ఈ తికమక వల్ల ఫార్మాట్ కొట్టేస్తున్నారు.

డిస్క్ కనిపిస్తోంది, విండోస్ మాత్రం రావడం లేదు అనుకుందాం. లోగో రాగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి. ఇలా వరసగా రెండుసార్లు చేస్తే మూడోసారి "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది. శాతాలు కదులుతున్న తెర మీద మాత్రం ఈ పని చేయకూడదు. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని వెళ్తే మరమ్మతు మెనూ దొరుకుతుంది. స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి, ఒక్కసారి చాలు. కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లోకి వెళ్లండి. అక్కడ క్వాలిటీ అప్‌డేట్ అంటే ప్రతి నెలా వచ్చేది, ఫీచర్ అప్‌డేట్ అంటే వెర్షన్ మారే పెద్దది. ఆగిపోయింది ఏదో దాన్నే ఎంచుకోవాలి. ఫీచర్ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకునే వీలు మామూలుగా పది రోజులే. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోవడంతో 11కి మారుతున్నవాళ్లు ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి. అదీ పనిచేయకపోతే విండోస్‌ని పాత తేదీనాటి స్థితికి తెచ్చే సిస్టమ్ రిస్టోర్, ఆ తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్.

ఈ దారిలో ఎక్కడో ఒకచోట బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. 48 అంకెలు ఉంటాయి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. "నేనెప్పుడూ పెట్టలేదే" అంటారు చాలామంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది దానంతట అదే ఆన్ అవుతుంది. ఫోన్‌లో అదే ఖాతా తెరిచి డివైసెస్‌లో చూస్తే కీ దొరుకుతుంది. తెర మీద చూపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోల్చుకుని కొట్టాలి. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే కీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది, దాన్ని బయట ఎక్కడా విప్పించకండి. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటాను ఎవరూ తెరవలేరు, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. అందుకే మెషీన్ బాగున్నప్పుడే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవాలి.

ఇంతవరకూ చెప్పినవేవీ పనిచేయకపోతే ముందు ఫైళ్లు బయటికి తీయాలి, ఆ తర్వాతే ఏ ప్రయోగమైనా. విండోస్ రాకపోయినా దీనికి మార్గం ఉంది. మరమ్మతు మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిషులో కొట్టండి. నోట్‌ప్యాడ్ వస్తుంది. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అని ఉన్నచోట "ఆల్ ఫైల్స్" అని మార్చండి. ఎడమ పక్కన కంప్యూటర్ మీద నొక్కితే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. పెన్‌డ్రైవో, బయటి హార్డ్ డిస్కో పెట్టి, కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, అక్కడికి వెళ్లి పేస్ట్. ఎంతవరకు కాపీ అయిందో చూపించే గీత రాకపోవచ్చు, కిటికీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పెద్ద ఫోల్డర్ అయితే ఓపిక పట్టాలి, కొద్దికొద్దిగా తీసుకోవడం మేలు. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు. మామూలుగా సీ అని చూసేది డీ గానో ఈ గానో కనిపించవచ్చు. యూజర్స్ ఫోల్డర్ ఎందులో ఉందో అదే మీ అసలు డ్రైవ్.

వ్యాపారం చేసేవాళ్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసుకుని అయిపోయిందనుకుంటారు. టాలీ లెక్కలు అక్కడ ఉండవు. యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్‌లోనో, పాత టాలీ అయితే సీ డ్రైవ్‌లో దాని పేరుతోనే ఉన్న ఫోల్డర్‌లోనో ఉంటాయి. ఆ డేటా ఫోల్డర్ మొత్తం విడిగా తీసుకోండి. ఏడాది జీఎస్టీ లెక్కలు పోగొట్టుకున్న కిరాణా వ్యాపారికి కొత్త విండోస్ వేసిస్తే ఏం ఉపయోగం?

మరమ్మతు తెర కూడా రాకపోతే డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించాలి. బెంగళూరు ఎస్.పి. రోడ్ ఎలక్ట్రానిక్స్ బజారులో దానికి కేబుళ్లు, డిస్క్ పెట్టే కేసులు దొరుకుతాయి. చిన్న బద్దలా ఉండే ఎం.2 డిస్కుల్లో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు ఉన్నాయి, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకదాని కేసు రెండోదానికి పనిచేయకపోవచ్చు. స్టిక్కర్ మీద ఏం రాసి ఉందో చదివి కొనండి. చవక ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ఈఎంఎంసీ అనే నిల్వ చిప్ బోర్డుకే అతికించి ఉంటుంది, అది విప్పడానికి రాదు.

ఫైళ్లు చేతికొచ్చాక ఇక ధైర్యంగా కమాండ్లు వాడవచ్చు. సగంలో ఆగిన జాబితాను రద్దు చేయించేది డిస్మ్ అనే కమాండ్. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాల్సిన వరుస ఇది: dism /image:C:\ /cleanup-image /revertpendingactions C బదులు మీ అసలు డ్రైవ్ అక్షరం పెట్టాలి. బాగా నడుస్తున్న విండోస్ మీద దీన్ని ప్రయోగించకూడదు, బూట్ కాని దానికే ఇది. తర్వాత డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ (chkdsk), ఆపైన దెబ్బతిన్న విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్‌ఎఫ్‌సీ (sfc). విండోస్ ఫైళ్లన్నీ బాగుండి విండోస్‌ని మొదలుపెట్టించే బూట్ భాగం ఒక్కటే దెబ్బతింటే, డిస్క్ భాగాలను చూపించే డిస్క్‌పార్ట్ (diskpart) కమాండ్‌తో మామూలుగా 100 నుంచి 260 ఎంబీ మధ్య ఉండే ఫ్యాట్ 32 భాగానికి S అని అక్షరం ఇచ్చి, bcdboot C:\Windows /s S: /f UEFI అని కొడితే సరిపోతుంది. చాలామంది బూట్‌రెక్ అనే కమాండ్ వాడి "యాక్సెస్ డినైడ్" అని రాగానే వదిలేసి ఫార్మాట్‌కి పోతారు. కొత్త మెషీన్లలో బీసీడీబూట్ దారే నమ్మకమైనది.

అప్పటికీ రాకపోతే రీసెట్ దిస్ పీసీలో "కీప్ మై ఫైల్స్" ఉంది. ప్రోగ్రాములు పోతాయి, యూజర్స్‌లోని ఫైళ్లు ఉంటాయి. లేదా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఎక్కించుకుని, అదే డ్రైవ్ మీద ఫార్మాట్ నొక్కకుండా ఇన్‌స్టాల్ చేస్తే పాతదంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. దాన్ని విండోస్ కొన్నాళ్లకి తనే చెరిపేస్తుంది కాబట్టి వెంటనే కాపీ చేసుకోవాలి.

విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ వాడే విద్యార్థులకి పని ఇంకా తేలిక. ఆన్ చేస్తూ ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే ఏ కెర్నల్‌తో మొదలవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. కెర్నల్ అంటే ఉబుంటు మూల ప్రోగ్రాము. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకుంటే చాలాసార్లు నేరుగా లోపలికి వెళ్తుంది. కొత్త కెర్నల్ దిగినా మొదలవడానికి దానికి కావాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు తయారుకాకముందే కరెంటు పోతే "కెర్నల్ ప్యానిక్" వస్తుంది, అంతే. లోపలికి వెళ్లాక టెర్మినల్‌లో sudo dpkg --configure -a అని నడిపి, ఆగిన ప్యాకేజీలు పూర్తిచేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారుచేయించాలి. బూట్ విభాగం నిండిపోయి ఉంటే పాత కెర్నళ్లు కొన్ని తీసేయాలి.

బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగడం మాత్రం పూర్తిగా వేరే సంగతి. అది డిస్క్‌లో కాదు, బోర్డు మీద ఉన్న చిప్‌లో రాసే ప్రోగ్రాము. సగంలో ఆగితే తెర నల్లగానే ఉంటుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో కీలు నొక్కి తిరిగి తెచ్చుకునే ఏర్పాటు ఉంది, హెచ్‌పీలో విండోస్ కీ, బీ కలిపి పట్టుకోవడం లాంటిది. అది కుదరకపోతే ప్రోగ్రామర్ అనే పరికరంతో చిప్‌లో మళ్లీ రాయాలి. ఇక్కడ విండోస్ ఫార్మాట్ వల్ల ఏ ప్రయోజనమూ లేదు, డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు.

నెలవారీ అప్‌డేట్ అమెరికాలో రెండో మంగళవారం విడుదలవుతుంది, మనకి అప్పటికి మంగళవారం రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. బుధ, గురువారాల్లో మన మెషీన్లు రీస్టార్ట్ అడుగుతాయి. బ్యాటరీ దిగిపోయి ఛార్జర్ మీదే బతుకుతున్న ల్యాప్‌టాప్‌కి కరెంటు పోతే డెస్క్‌టాప్‌కి పట్టిన గతే పడుతుంది. చాలా పీజీల్లో బ్యాకప్ లైట్లకీ ఫ్యాన్లకీ తప్ప ప్లగ్ పాయింట్లకి ఉండదు. అపార్ట్‌మెంట్లలో జనరేటర్ అందుకునేలోపు ఆ కొన్ని సెకన్లే డెస్క్‌టాప్ ఆగిపోవడానికి చాలు. 600 వీఏ యూపీఎస్ ఉంటే కొన్ని నిమిషాలు నిలబడుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను 5 వారాల దాకా ఆపుకోవచ్చు. సాయంత్రం ఆఫీసులో "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" నొక్కి, మూత వేసి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కడం మాత్రం మానేయాలి.

రిపేరు షాపులవాళ్లకి మా విన్నపం: రశీదు మీద "డేటా కావాలి" లేదా "డేటా అక్కర్లేదు" అని రాసి, కస్టమర్‌తో సంతకం పెట్టించుకుని పని మొదలుపెట్టండి. కస్టమర్లు కూడా ఆ మాట రాయించకుండా మెషీన్ ఇవ్వకండి. మీ పత్రికకి ఒక అభ్యర్థన. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం ముందుగా ప్రకటించే కరెంటు కోతల వేళలను బెంగళూరు పేజీలో వేసేటప్పుడు, ఆ గంటల్లో కంప్యూటర్ అప్‌డేట్లు పెట్టుకోవద్దని కింద ఒక వాక్యం చేర్చండి.

ఇట్లు,
కంప్యూటర్ రిపేరు పనిలో ఉన్న కొందరు తెలుగువాళ్లం,
బెంగళూరు