యాభై ఏళ్ల తర్వాత నంబర్ వన్

సంపాదకులకు,

అమెరికన్ రాపర్ ట్రావిస్ స్కాట్ 2023 ఆల్బమ్ ‘యుటోపియా’ పెట్టగానే ఉలిక్కిపడ్డాను. మొదటి పాట ‘హయీనా’లో ముందు వినిపించేది జెంటిల్ జెయింట్ గొంతులే! ఆ బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ 1980లోనే విడిపోయింది. ఆ ముక్క 1974 నాటి ‘ప్రొక్లమేషన్’ పాటలోది. ఒకరు ఎత్తుకున్న వరసను ఇంకొకరు మధ్యలో లాక్కుని పాడే వాళ్ల పద్ధతి అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 2023లో అదే, అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్ అయిన ఆల్బమ్‌కి గుమ్మమైంది. జెంటిల్ జెయింట్‌లో బాస్ గిటార్ వాయించిన రే షుల్మన్ మాత్రం ఆల్బమ్ రావడానికి నాలుగు నెలల ముందే పోయారు. ఆ బ్యాండ్ గాయకుడు డెరెక్ ఎప్పుడో రికార్డు కంపెనీలో చేరి రాక్ బ్యాండ్ బాన్ జోవితో ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు, గడుసువారు లెండి. మీ పాటల సమీక్షల్లో శాంపిల్, అంటే ఇలా పాత పాట నుంచి తీసుకున్న ముక్క, ఎవరిదో కూడా ఒక్క లైన్ వేయండి.

– ఒక పాత రాక్ శ్రోత