రైన్‌టాల్ దారిలో బూటు సోల్ కట్టి ఆదుకున్న వాళ్లకు కృతజ్ఞతలు

జర్మనీలో త్సుగ్‌ష్పిట్సె కొండ కింద, క్నోర్‌హ్యుట్టె అనే హట్ (కొండ మీద నడిచేవాళ్ల బస) నుంచి రైన్‌టాల్ లోయ మీదుగా గార్మిష్ పార్టెన్‌కిర్షెన్‌కు దిగే దారిలో ఊడిపోయిన బూటు సోల్‌ను కట్టిపెట్టిన ఇద్దరు పెద్దవాళ్లకు, కింద రైన్‌టాలాంగర్‌హ్యుట్టె అనే మరో హట్‌లో రెండో బూటు కూడా చూసి తాడు ఇచ్చిన సిబ్బందికి మా మ్యూనిక్ తెలుగు నడక బృందం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వాళ్లకు చెప్పాల్సిన మాట అక్కడే చెప్పాం. వాళ్ల చేతిపని మాత్రం మనవాళ్లందరికీ తెలియాలి.

క్నోర్‌హ్యుట్టె ఎత్తు 2,052 మీటర్లు. కింద గార్మిష్ స్కీ స్టేడియం దాకా 1,300 మీటర్లు దిగాలి, నడక 16 కిలోమీటర్ల పైచిలుకు. ఆగకుండా నడిచినా ఐదున్నర గంటలు పడుతుంది. 1,369 మీటర్ల ఎత్తున ఉన్న రైన్‌టాలాంగర్‌హ్యుట్టె వరకు మొదటి గంటన్నరే కష్టం. అడుగు వేస్తే జారే సున్నపురాయి ముక్కలు, నిటారు మలుపులు. ప్రతి అడుగులో బరువంతా బూటు ముందు భాగం మీద పడుతుంది. పాత బూటు ఊడేది సరిగ్గా అక్కడే.

వాడకుండా దాచిన బూటే ఎక్కువగా మోసం చేస్తుంది. చాలా ట్రెకింగ్ బూట్లలో పైతోలుకీ అడుగు రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర పాలీయురెథేన్. గాలిలోని తేమకు అది ఏళ్ల తరబడి లోలోపల విరిగిపోతుంది. పైకి కొత్తదిలాగే కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న జత అయితే తయారై ఎన్నేళ్లయిందో ముందు అడగండి. బయలుదేరే ముందు ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి. సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ జత వేసుకోవద్దు. రెండు బూట్ల వయసూ ఒకటే కాబట్టి ఒకటి ఊడితే రెండోదీ ఆ రోజే ఊడవచ్చు. హట్ సిబ్బంది అడగకుండానే రెండోది విప్పించింది అందుకే.

ఆ పెద్దలు కట్టిన పద్ధతి ఇది. ముందు బూటు విప్పించి, మట్టి దులిపి, గుడ్డతో పొడిగా తుడిచారు. తడి మీద టేపు నిలవదు. వేళ్ల దగ్గర డక్ట్ టేపు నాలుగు చుట్లు వేశారు. తర్వాత 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడును మడమకు ముందున్న పల్లంలోంచి తీసి, పాదం మీద అడ్డంగా మార్చి, చీలమండ వెనక తిప్పి, లేసుల పక్కన ముడి వేశారు. ముడి అడుగున పడితే రాయి మీద అరిగి తెగుతుంది, కాలూ జారుతుంది. టేపు చుట్టిన చోట పట్టు తక్కువ కాబట్టి అడుగులు చిన్నవిగా, కర్రలు ముందుకు పెట్టి దిగమన్నారు. అరగంటకోసారి ఆగి చూడమన్నారు. ఆ సలహా ఎంత అవసరమో తాడు అరిగిన తీరు చూశాకే అర్థమైంది.

ఒక జాగ్రత్త. చివర్లో వచ్చే పార్ట్‌నాఖ్ గండి 700 మీటర్ల పొడవునా తడి. సొరంగాల్లో పైనుంచి నీళ్లు కారుతుంటాయి. లోపలికి వెళ్లేముందే కట్టు కొత్తగా వేసుకోవాలి. గండి మూసి ఉంటే పార్ట్‌నాఖాల్మ్ మీదుగా మళ్లీ ఎక్కి దిగాలి, దానికి సరిపడా టేపు మిగుల్చుకోవాలి. క్నోర్‌హ్యుట్టెకు దగ్గర్లోనే సోల్ పూర్తిగా ఊడి, కట్టినా నిలవకపోతే కిందికి మొండిగా దిగొద్దు. వెనక్కి, ఆపైన సొన్‌ఆల్పిన్ రెస్టారెంట్ దాకా ఎక్కితే పళ్లచక్రాల రైలు దొరుకుతుంది. అసలు కదల్లేని స్థితి అయితేనే అత్యవసర నంబర్ 112కు ఫోన్ చేయాలి. లోయలో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు.

ఇక నుంచి మా ప్రతి నడకలో కర్రకు చుట్టిన 2 మీటర్ల టేపు, 3 మీటర్ల తాడు, నాలుగు పొడవాటి కేబుల్ టైలు ఉంటాయి. మొత్తం వంద గ్రాములు దాటదు.

హట్ వాళ్ల తాడుకు బదులు కొత్తది పోస్టులో పంపించాం. ఆ ఇద్దరు పెద్దల కర్రలకున్న టేపు మాత్రం మొత్తం మా బూటుకే అయిపోయింది. వాళ్లు ఇంకా పైకి ఎక్కాల్సినవాళ్లు. అయినా ఒక్క చుట్టు కూడా తమకని ఉంచుకోలేదు.