పాట వేస్తున్నారు సరే, పేర్లేవి?

సంపాదకుడు గారికి నమస్కారం.

1980ల్లో, 90ల్లో నేను తెనాలిలో క్యాసెట్ల షాపు నడిపాను. రికార్డింగ్ షాపు అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. జనం తమకి నచ్చిన పాటలు చీటీ మీద రాసుకొచ్చేవాళ్లు. మేం ఎల్పీ రికార్డుల నుంచి వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్టయితే వైపుకి ఏడెనిమిది పాటలు పట్టేవి. చివరి పాట సగంలో తెగిందంటే మర్నాడు షాపు ముందు గొడవే. ఇది కాపీరైట్ చట్టం ప్రకారం తప్పని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఆ చట్టాన్నే పట్టుకుని మీకు ఉత్తరం రాస్తున్నాను, నవ్వుకోండి.

ఆ చీటీలు చూసి తీరాలి. ఒక ఆటో అతను ఒక వైపు రఫీ, రెండో వైపు ఘంటసాల భక్తి పాటలు కావాలనేవాడు. బట్టల షాపాయన కూతురి పెళ్లికి ముందు షేక్ చినమౌలానా నాదస్వరం నింపించుకున్నాడు, మేళం వాళ్లు వేళకి రాకపోతే పనికొస్తుందని. కాలేజీ కుర్రాళ్లు ఇళయరాజా పక్కనే ఇంగ్లిష్ పాటల బృందం బోనీ ఎమ్ పేరు రాసేవాళ్లు. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు నాజర్ బుర్రకథ ఉందా అని అడిగేవాళ్లు. నేను ప్రతి క్యాసెట్ లోపలి అట్ట మీద సినిమా పేరు, రచన, సంగీతం, పాడినవాళ్లు అన్నీ చేత్తో రాసిచ్చేవాణ్ని. అంత ఓపిక నాకెక్కడిదంటారా? రికార్డు అట్ట మీద ఉండేవి, రేడియోలో రోజూ వినేవాణ్ని. ఆకాశవాణి వాళ్లు జనరంజనిలో పాట కోరిన శ్రోతల పేర్లు ఊళ్లతో సహా చదివి, ఆ పాట కట్టినవాళ్ల పేర్లు కూడా చదివేవాళ్లు.

ఇప్పుడు ప్రైవేటు ఎఫ్ఎంలు వినండి. పాట అయిపోగానే జోకు, జోకు అవగానే ప్లాట్ల ప్రకటన, మళ్లీ పాట. ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో ఎప్పుడో తప్ప చెప్పరు. ఫోన్లో యాప్‌లు ఇంకో రకం. మొన్న మా మనవరాలు తనకి బాగా నచ్చిన పాటొకటి వినిపించింది. నాకూ నచ్చింది. ఎవరు రాశారమ్మా అంటే, "ఇక్కడ హీరో ఫొటో ఉంది తాతయ్యా" అంది. వెతగ్గా వెతగ్గా గాయకుడి పేరు దొరికింది, రచయిత పేరు దొరకలేదు. నా వంతుగా 1970ల నాటి పాటొకటి పెట్టమన్నాను. పాడింది వి.రామకృష్ణ, యాప్‌లో ఉన్నది ఘంటసాల. గొంతు దగ్గరగా ఉంటుంది, కాదనను. కానీ ఆ పిల్ల ఇక రామకృష్ణ అనే గాయకుడి దగ్గరికి ఎలా వెళ్తుంది?

నా బాధ ఇదే. ఒక పేరు పట్టుకుంటేనే ఇంకో పాటకి దారి దొరుకుతుంది. సినిమా పాటల కోసమే వచ్చే ఒకాయన నేను రాసిచ్చిన అట్ట మీద సంగీత దర్శకుడు సాలూరు రాజేశ్వరరావు పేరు చూసి, ఈయనవి ఇంకేం ఉన్నాయని అడిగాడు. అలా వెళ్లి వెళ్లి, రాజేశ్వరరావు, రావు బాలసరస్వతి కలిసి పాడిన లలితగీతాల దగ్గర తేలాడు. అక్కణ్నుంచి శ్రీరంగం గోపాలరత్నం పాడిన ఎంకి పాటలకి, ఆవిడ కోసం మొదలుపెట్టి శాస్త్రీయ కచేరీలకీ వెళ్లాడు. అంతకుముందు త్యాగరాజ కీర్తన వస్తే రేడియో కట్టేసే మనిషాయన. ఎవరూ ఆయనకి సంగీతం పాఠం చెప్పలేదు. అట్ట మీద పేర్లు ఉన్నాయి, అంతే.

ఇక చట్టం సంగతి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు 31డి అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం రేడియో, టీవీ వాళ్లు ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రేటు కడితే విడుదలైన పాటల్ని ప్రసారం చేసుకోవచ్చు, హక్కుదారుల అనుమతి కోసం తిరగక్కర్లేదు. అయితే ఆ వెసులుబాటు వాడుకుంటే ప్రసారంతో పాటే ఆ కృతికర్తల పేర్లు, ముఖ్య కళాకారుల పేర్లు చెప్పాలని అదే సెక్షన్‌లో ఉంది. మేం ఆడియో కంపెనీలతో విడిగా ఒప్పందం చేసుకున్నాం, మాకది వర్తించదని కొన్ని స్టేషన్లు అనొచ్చు. అనుకోనివ్వండి. నాలుగు పేర్లు చదవడానికి పది సెకన్లు పట్టదు. అదే సవరణతో రచయితలకి, సంగీత దర్శకులకి రాయల్టీ హక్కు గట్టిపడింది కదా, పేరే సరిగ్గా నమోదు కాని పాటకి ఆ డబ్బు ఎవరి ఇంటికి వెళ్తుందో కూడా ఆలోచించాలి.

కేంద్ర సమాచార ప్రసార శాఖ ఎఫ్ఎం స్టేషన్లన్నిటికీ ఈ సంగతి ఒకసారి గట్టిగా గుర్తు చేయాలి. యాప్‌ల వాళ్లు పాట పేరు కిందే రచన, సంగీతం, గానం కనబడేలా పెట్టాలి, నాలుగు చోట్ల నొక్కితే వచ్చేలా కాదు. తప్పు పేరుంటే విన్నవాళ్లు చెప్పి దిద్దించుకునే వీలుండాలి. వీణ, వయొలిన్ లాంటి వాద్య సంగీతానికి వాయించినవాళ్ల పేరు లేకపోతే అసలు ఏమీ లేనట్టే, వాటిని ముందు చూడాలి.

ఇంకొక్క మాట, మీరు ఏమీ అనుకోకపోతే. ఈ ఆదివారం మీ సినిమా పేజీలో ఒక కొత్త పాట విడుదలైన వార్త వేశారు. హీరో పేరుంది, హీరోయిన్ పేరుంది, నిర్మాత పేరుంది, వేడుకకి వచ్చిన ముఖ్య అతిథి పేరు కూడా ఉంది. పాట రాసినవారి పేరు లేదు. రెండుసార్లు చదివాను.

ఇట్లు,
ఒక పాత క్యాసెట్ల షాపువాడు,
తెనాలి