ఇంకొక్క ముద్ద

ఏమే పిల్లా,

నీ మెసేజ్ చూసి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. గట్టు మీద త్రాసు పెట్టుకుని అన్నం గ్రాముల్లో తూచుకుంటున్నావా? 120 దాటితే ఫోన్‌లో ఎర్రగా చూపిస్తుందా? రాత్రి పదకొండింటికి కెటిల్‌లో మ్యాగీ ఉడికించి, అడుగున మిగిలిన రసం కోసం నాతో కొట్టుకున్న మనిషివి నువ్వేనా? ఫోన్‌లో టైప్ చేస్తే సగంలో ఆపేస్తాను, అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా. టీ పెట్టుకుని కూచో. దాన్ని మాత్రం తూచకు.

అసలు హాస్టల్లో మనకి ఆకలంటూ విడిగా ఉండేదా చెప్పు? ఏడున్నరకి మెస్ తలుపు తీస్తే ఆకలేసేది. తొమ్మిదికి మూసేస్తే మళ్ళీ పొద్దున్నదాకా ఏమీ దొరకదని రెండోసారి కూడా వడ్డించుకునేవాళ్ళం. ఆదివారం చికెన్ అయితే మరీనూ. కడుపుని ఎవరడిగారు?

2020 మార్చిలో గదులు ఖాళీ చేయమన్నారు కదా. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దిగి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో కాలు పెట్టినప్పుడు కూడా పదిహేను రోజుల సెలవులే అనుకున్నా. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. కొన్నాళ్ళకి క్లాసులన్నీ ఫోన్‌లోకి వచ్చాయి. మా ఇంట్లో సిగ్నల్ డాబా మెట్ల మీదే. వీడియో ఆపేసి, మైక్ మ్యూట్ చేసి, ఒళ్ళో జంతికల డబ్బా పెట్టుకునేదాన్ని. సారు పాఠం చెప్తున్నంతసేపూ కరకరలే. అడుగున ఉన్న పొడి వేళ్ళకి తగిలితే కానీ ఎన్ని తిన్నానో తెలిసేది కాదు. అది ఆకలి కాదే. పరీక్షలు ఉంటాయో ఉండవో తెలీని టెన్షన్.

కింద అమ్మ సంగతి సరేసరి. "చిక్కిపోయావు" అంటూ ఇంకొక్క ముద్ద. ఆ ఇంకొక్కటి ఏనాడూ ఒక్కటి కాదు. జూన్‌కల్లా జీన్స్ బటన్ పట్టడం మానేసింది. నేనూ నీలాగే పంతం పట్టి అన్నం మానేశా. సరిగ్గా పది రోజులు. పదకొండో రోజు అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు వెలుగులో నిలబడి, గడ్డకట్టినట్టున్న పులిహోర గిన్నెలోంచే తిన్నా. పొద్దున్నే అమ్మ ఖాళీ గిన్నె చూసి ఏమీ అనలేదు. అదింకా సిగ్గు.

తర్వాత ఎప్పుడో చదివా. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి ఆర్నెల్లు అరకొర తిండి పెట్టి చూశాడట. వాళ్ళు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారట, మాటలన్నీ తిండి మీదేనట. మళ్ళీ కడుపునిండా పెట్టినా చాలామందికి ఎంత తిన్నా చాలినట్టు అనిపించలేదట. పులిహోర గిన్నె దగ్గర నా తప్పేమీ లేదన్నమాట. నీ త్రాసు చూసి నాకు భయమేసింది కూడా ఇందుకే.

ఇంట్యూటివ్ ఈటింగ్ అని ఒక మాట ఉంది. 1995లో ఎవలిన్ ట్రిబోలి, ఎలీస్ రెష్ అని ఇద్దరు అమెరికా డైటీషియన్లు మొదలుపెట్టారు. ఆకలేస్తే తిను, చాలనిపిస్తే ఆపు, ఏదీ నిషిద్ధం కాదు, దిగులుకి తిండిని మందుగా వాడకు, ఇలా ఉంటుంది. 2006లో ట్రేసీ టిల్కా అనే సైకాలజిస్టు దీన్ని కొలవడానికి ప్రశ్నలు తయారుచేసింది. ముందుగా వాటికి జవాబులు రాసింది కాలేజీ అమ్మాయిలే. ఆ వేసవిలో నా చేతికి ఇచ్చుంటే సున్నా వచ్చేది.

అయితే ఒకటుంది. ఆకలేస్తే తినడం, చాలనిపిస్తే ఆపడం బియ్యం డబ్బా నిండుగా ఉన్నవాళ్ళకి కుదిరే మాట. మన క్లాసులోనే ఒకమ్మాయి వాళ్ళ నాన్నకి రోజుకూలి పోయింది. మనిషికి ఐదు కిలోల ఉచిత బియ్యం వస్తే నెల గడిపారు. "ఆకలేస్తోందని ముందే తెలుస్తుందే, పొయ్యి మీదే ఏమీ ఉండదు" అంది ఫోన్‌లో. నేను జంతికల డబ్బా మూత పెట్టేశా.

నాకు అసలు సంగతి తెలిసింది 2021 మేలో. సెకండ్ వేవ్‌లో పాజిటివ్ వచ్చి పెరటి గదిలో ఉన్నా. అమ్మ గుమ్మం దగ్గర కంచం పెట్టి వెళ్ళేది. అప్పుడే కలిపిన కొత్తావకాయ, వేడన్నం, నెయ్యి. ముద్ద పెట్టుకుంటే మామిడి వాసన లేదు, నెయ్యి కమ్మదనం లేదు. మంట మాత్రం నిక్షేపంగా ఉంది! కారం మంటకి ముక్కుతో పనిలేదు, దాని నరం వేరట. ఆకలి రుచెరుగదంటారు కదా, నాకు రుచి పోయి ఆకలొక్కటే మిగిలింది. పిలిచే నాలుక లేదు, ఇంకొక్కటనే అమ్మ లేదు. ఏడో ముద్దో ఎనిమిదో ముద్దో, చెయ్యి దానంతటదే ఆగింది. కడుపు ఇంత నెమ్మదిగా మాట్లాడుతుందని నాకప్పటిదాకా తెలీదు. కంచంలో మిగిలిన అన్నం చూసి పాపం తగులుతుందేమోనని కాసేపు కూర్చున్నా కూడా.

మూడు వారాలకి ఒక పొద్దున్న వంటింట్లోంచి కరివేపాకు పోపు వాసన వచ్చింది. ఏడ్చేశాననుకో. ఆ మధ్యాహ్నం అందరితో కూర్చుని, అమ్మ గరిటె ఎత్తగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టా. అమ్మ మొహం చిన్నబోయింది. "బాగాలేదా?" అంది. మామ్మ తల ఎత్తకుండానే, "దాని కడుపు దానిది, వదిలెయ్యవే" అంది. ఆవిడ ఎనభై ఏళ్ళుగా అలాగే చెయ్యి అడ్డం పెడుతోందని అప్పుడు గమనించా.

ఇప్పుడైనా పూర్తిగా బాగుపడ్డానని చెప్పను. ఆఫీసులో మేనేజర్ పిలిస్తే మళ్ళీ చెయ్యి డబ్బాలోకే పోతుంది.

వచ్చే వారం మా పిన్ని బెంగళూరు వస్తోంది, ఆవకాయ పంపుతున్నా. జాడీ బరువే. నీ త్రాసు మీద పెట్టావంటే పగిలిపోతుంది. జాడీ కాదు, త్రాసు.

నీ
మ్యాగీ రసం దొంగ